నాకు

తృప్తి అని ఆమెకు పేరు పెట్టినవాళ్ళను ముందు నిలబెట్టి అడగాలి. గోకుందలో పుట్టిన పిల్ల, పుట్టింట్లో పెట్టిన పేరు సుమన. నాందేడ్‌లో అత్తారింటికి వచ్చిన రోజు, అక్కడి మరాఠీవాళ్ళ ఆచారం ప్రకారమే పళ్ళెంలో బియ్యం పోసి, పెళ్ళికొడుకు ఉంగరంతో కొత్త పేరు రాశాడు. ఏ ముహూర్తాన రాశాడో గానీ, పదకొండేళ్ళలో ఆ పేరుకు తగ్గట్టు ఆమె ఒక్కరోజు కూడా ఉండలేదు. మనిషి చెడ్డదా అంటే కాదు. పనికి ఒళ్ళు దాచుకోదు, పెట్టడానికి చేయి వెనక్కి తీసుకోదు. కానీ ఇంకొకరిని ఎవరైనా మెచ్చుకున్నారా, అంతే, కడుపులో మంట రాజుకునేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసీ ఆర్పుకోలేకపోవడమే ఆమె ఖర్మ.

ఈ ఏడు ఆ మంట ఒక తెల్ల నెమలి మీదికి మళ్ళింది. అదీ ప్రాణమున్న నెమలి కాదు, ఫోనులో ఆడే నెమలి. నవ్వొస్తే నవ్వుకోండి. తృప్తికి మాత్రం దాని మూలంగా తిన్నది ఒంటికి పట్టడం మానేసింది.

ఆట పేరు శివారు. ఆడేవాళ్ళకు ఫోనులో తలా ఒక పొలం ఇస్తారు. దున్నాలి, నీళ్ళు పెట్టాలి, కోయాలి, పండినదాన్ని ఆటలోనే ఉన్న చౌక్ బజారులో అమ్ముకోవాలి. చూడబోతే చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది గానీ, అందులో అరుదుగా దొరికే పశువుల్నీ పక్షుల్నీ పెద్దపెద్దవాళ్ళు నిజం డబ్బులు పోసి కొనుక్కుంటున్నారు. పోయిన వానాకాలంలో, వంద రోజులు ఒక్క రోజు తప్పకుండా పొలానికి నీళ్ళు పెట్టినవాళ్ళ పేర్లు చీటీ తీసి, కొందరికి తెల్ల నెమలిని ఇచ్చారు. తృప్తి తొంభై తొమ్మిది రోజులు పెట్టింది. అరవై మూడో రోజున అత్తగారి మోకాలికి ఆపరేషను. పొద్దంతా ఆసుపత్రి వరండాలో నిలబడి, మందుల చీటీలు పట్టుకుని తిరిగి, నీళ్ళ సంగతే మరిచిపోయింది. ఆ రోజు ఇంట్లో ఉండి వంట చేసిన సాయలి మరవలేదు. నెమలి సాయలికి వచ్చింది.

సాయలి తృప్తి మరిది భార్య. లాతూరు వైపు పుట్టి పెరిగిన పిల్ల, మరాఠీ బడిలో చదివింది, తెలుగు ఈ ఇంటికి వచ్చాకే వచ్చింది. నేర్పింది అత్తగారు అనుసూయాబాయి. ఆవిడకు మరాఠీ రాక కాదు. కూరగాయల బండివాడితో, గ్యాసు బండ తెచ్చేవాడితో, గుమ్మం అవతలి వాళ్ళతో మరాఠీయే మాట్లాడేది. గుమ్మం ఇవతల మాత్రం తెలుగు. "ఇంట్లోల్లతోని ఇంటి మాటనే మాట్లాడాలె బిడ్డా," అని రెండేళ్ళలో సాయలి నాలుక తిప్పించింది.

మరి ఆట నేర్పింది ఎవరు? తృప్తే. కొత్తలో సాయలి సిమ్ము పుట్టింట్లో వాళ్ళన్న పేరు మీద ఉండి ఆగిపోతే, "నా రెండో నంబరు ఏసుకో, ఏమైతది," అని ఆ నంబరు మీదే ఆమెకు పొలం తెరిచిచ్చింది కూడా తృప్తే. తర్వాత సాయలి వేరే సిమ్ము తీసుకుంది గానీ ఆటలో నంబరు మార్చనేలేదు. "నీ దగ్గర ఉంటె నా దగ్గర ఉన్నట్టే కద అక్కా," అనేది. ఆ మాటకు ఒకప్పుడు తృప్తికి ముచ్చటేసేది.

ఆపరేషను తర్వాత అనుసూయాబాయి గడప దాటడం తగ్గించింది. నాలుగు కొట్టేసరికి గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేది. తృప్తి నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి తెచ్చి మోకాలికి రాసేది. తహసీలు ఆఫీసు దగ్గర ఫారాలు నింపే దుకాణంలో పని చేసే సాయలి అప్పటికి ఇల్లు చేరేది, ఫోను తెరిచి అత్తగారి చేతిలో పెట్టేది. తెల్ల నెమలి పురి విప్పేది. ఆవిడ వేలితో తాకితే గుండ్రంగా తిరిగేది. డెబ్బై ఏళ్ళ మనిషి కిలకిలా నవ్వేది. పదకొండేళ్ళుగా కాళ్ళు ఒత్తుతున్న తృప్తికి ఆ నవ్వు ఒక్కసారి కూడా దక్కలేదు.

తనూ ప్రయత్నించింది, పాపం. "నా పొలంల పొద్దుతిరుగుడు పూసింది అత్తమ్మ, జర సూడుండ్రి," అని ఒకరోజు ఫోను చేతికిచ్చింది. "మంచిగున్నది బిడ్డా," అని ఆవిడ కళ్ళజోడైనా పెట్టుకోకుండా తిరిగిచ్చేసింది.

అసలు దెబ్బ ఆదివారం తగిలింది. పక్కింటి విద్యావతి వచ్చింది. వాళ్ళదీ తెలుగిల్లే. అనుసూయాబాయి ఆమెకు ఫోను చూపించి, "నా చిన్న కోడలు నాకు మల్ల మా ఊరు కర్ఖేలి సూపెట్టింది విద్యావతీ. మా నాయిన చేన్ల గిట్లనే తిరుగుతుండె నెమళ్ళు. మల్ల సూస్తననుకోలె," అంది.

"గసుంటి కోడలు దొరకాలంటె రాసిపెట్టి ఉండాలె వదినా," అంది విద్యావతి.

అప్పుడు తృప్తి చేతిలో నూనె గిన్నె ఉంది. ఆ మోకాలు తన అరచేతి కిందే ఉంది. రాసేది ఒకరు, రాసిపెట్టి ఉండేది ఇంకొకరికా అని ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రి వరండాలో కాళ్ళు వాచేలా నిలబడ్డది ఎవరు? ఆ నిలబడ్డ రోజు వల్లే కదా నెమలి చేజారింది? అది నాకు రావలసిన నెమలి, అనుకుంది. అనుకోవడంతో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ లేకపోయేది.

ఆగలేదు. శివారు ఆడేవాళ్ళ వాట్సాప్ గుంపుల్లో ఈ సరుకులు చేతులు మారే వ్యాపారం ఒకటి నడుస్తుందని ఆమెకు తెలుసు. ఒకే ఇంటి వైఫై మీద నడిచే రెండు పొలాలు ఒకదానికొకటి ఏదీ ఇచ్చుకోవడానికి ఆట ఒప్పుకోదు. అందుకని మధ్యలో ఒక మనిషి కావాలి. అతను ఒక పొలం నుంచి సరుకు తీసుకుని, తన వాటా పట్టుకుని, చెప్పిన చోటికి చేరవేస్తాడు, లేదంటే చౌక్‌లో అమ్మి నాణేలు వేస్తాడు. మోండాలో, అంటే ధాన్యం మార్కెట్లో, బస్తాలు మోసేవాళ్ళకున్న పేరే వీళ్ళకూ పెట్టారు, హమాల్ అని. సరుకు ఎవరిది, ఎట్లా వచ్చింది అని హమాల్ అడగడు. తృప్తికి దొరికిన హమాల్ భోకర్ వాడు, పేరు దత్తు. అతనికి ఒకటే నియమం. చేర్చాల్సిన పొలం పేరు వాట్సాప్‌లో ముందే తీసుకుంటాడు, ఆ తర్వాత మాత్రం సరుకు ఇచ్చే పొలంలోంచే తనతో మాట్లాడాలి, వేరే చోటి మాట చెల్లదు.

నెమలి తన పొలానికి వచ్చాక ఇంట్లో ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. చౌక్‌లో కొన్నానంటుంది. లోకంలో తెల్ల నెమలి ఒక్కటే ఉందా ఏమిటి? సాయలి నెమలి పోయిందని అత్తగారు దిగులుపడుతుంటే, "నా దగ్గర ఉన్నది అత్తమ్మ, ఇగో," అని చేతికిస్తుంది. ఆ నవ్వు అప్పుడు తనకు వస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నర. మగవాళ్ళు ఇద్దరూ ఊళ్ళోనే వజీరాబాద్ పేటలో బట్టల దుకాణంలో ఉన్నారు. సాయలి పనిలో ఉంది. అత్తగారు ముందుగదిలో కునుకు తీస్తోంది. తృప్తి పొయ్యి మీద చాయ్ పెట్టి, వంటింటి పీట మీద కూర్చుని, సాయలి పొలం పేరు కొట్టి, పాస్‌వర్డ్ మరిచిపోయాను అని నొక్కింది. మరుక్షణం ఆమె ఫోనే టింగుమంది. ఓటీపీ వచ్చింది, ఆరు అంకెలు. తాళం చెవి తన కొంగుకే కట్టి ఉంటే ఇంక దొంగతనం ఎంతసేపు?

సాయలి పొలం తెరుచుకుంది. చక్కగా పెట్టుకుంది పిల్ల, గట్ల వెంట బంతిపూలు వేసింది. మధ్యలో నెమలి. దాని మెడ కింద చిన్న పలక మీద పేరు ఉంది, కర్ఖేలి అని. అది చూసి తృప్తి వేలు ఒక్క క్షణం ఆగింది. అత్తగారి ఊరి పేరు పెట్టి మంచిదనిపించుకుందా, అనుకునేసరికి ఆగిన వేలు మళ్ళీ కదిలింది. నెమలిని దత్తు పొలానికి పంపించేసింది.

దత్తు వెంటనే రాశాడు. మరాఠీ మాటలే, ఇంగ్లిష్ అక్షరాల్లో. "తాయి, మోర్ తులా ఠేవాయ్‌చా కీ నకో?" అక్కా, నెమలిని నీకు ఉంచాలా, వద్దా అని. ఉంచాలంటే తృప్తి పొలానికి చేరవేస్తాడు, వద్దంటే చౌక్‌లో అమ్మేస్తాడు.

తృప్తి జవాబు కొట్టబోయింది. సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి అనుసూయాబాయి గొంతు వినిపించింది. చాయ్ వాసనకు లేచినట్టుంది.

"గిప్పుడు చాయ్ ఎవలకు పెట్టినవే?"

"నాకు," అంది తృప్తి.

నోరు ఏమందో వేళ్ళు కూడా అదే కొట్టాయి. ఎన్, ఏ, కె, యు. నీకా అని అతను అడిగాడు, నాకు అని ఈమె చెప్పింది, అందులో తప్పేముంది? ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. చాయ్ పొంగు మీదికి వచ్చింది. దింపి, వడగట్టి, అత్తగారికి కూడా అరకప్పు ఇచ్చి వచ్చి, తన పొలం తెరిచి చూసింది. పొద్దుతిరుగుడు పూలు ఉన్నాయి, ఆవు ఉంది. నెమలి లేదు. కాసేపు చూసింది. మళ్ళీ తెరిచింది, మూసింది. చివరికి సాయలి పొలంలోకే వెళ్ళి చూస్తే దత్తు రాసి పెట్టాడు. "నకో మ్హణాలీస్, చౌకాత్ విక్లా." నకో అన్నావుగా, చౌక్‌లో అమ్మేశా. అడుగున నాణేల కుప్ప, కొన్నవాళ్ళది నాసిక్ అని ఒక ముక్క.

తృప్తికి ముందు అర్థం కాలేదు. నకో అని ఎప్పుడన్నాను? పైకి జరిపి తను కొట్టిన నాలుగు అక్షరాలు చూసుకుంది. మరాఠీ ప్రశ్నకు మరాఠీ జవాబే వస్తుందనుకుంటాడు ఎవడైనా. భోకర్ పల్లెల్లో నకో అనే మాటను సగం మంది నకు అనే అంటారు. నాకు అని ఆమె అంటే, వద్దు అని అతను చదివాడు.

అయినా చూడండి బుద్ధి, అప్పుడు కూడా ఆమెకు మొదట వచ్చింది పశ్చాత్తాపం కాదు. నాసిక్‌లో ఆ కొన్నది ఎవతో, ఈపాటికి ఎంత మురిసిపోతోందో అని ఏడుపొచ్చింది. తర్వాత భయం వేసింది. దత్తుకు ఏం రాయాలన్నా సాయలి పొలంలోంచే రాయాలి, రాసింది చెరిపే వీలు ఆ ఆటలో లేదు. ఏమీ రాయకుండా బయటికి వచ్చేసింది.

నాలుగింటికి సాయలి వచ్చింది. కాళ్ళు కడుక్కుని, తడి చేతులు చున్నీకి తుడుచుకుని, ఫోను తీసుకుని అత్తగారి పక్కన కూర్చుంది. అనుసూయాబాయి అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని ఉంది. తృప్తి నూనె గిన్నె తెచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అక్కా, పాస్‌వర్డ్ తప్పు అంటున్నది," అంది సాయలి.

"సరిగ్గ కొట్టు."

"మూడుసార్లు కొట్టిన. ఓటీపీ అడుగుత, నీకే అస్తది కద, జర చెప్పు."

ఆ నంబరు బంద్ అయింది అనొచ్చు. అనాలనే నోరు తెరిచింది. కానీ అత్తగారు ఫోను కోసం చేయి చాపి ఎదురుచూస్తోంది. టింగుమంది. కొత్త అంకెల పైన రెండున్నరకు వచ్చిన అంకెలు అలాగే కనబడుతున్నాయి. వాటి మీద బొటనవేలు పెట్టి, కిందివి చదివి చెప్పింది.

పొలం తెరుచుకుంది. గట్ల వెంట బంతిపూలు, మధ్యలో ఖాళీ, పక్కన ఎవరికీ అక్కర్లేని నాణేల కుప్ప. సాయలి అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత దత్తుతో జరిగిన మాటలు కనబడ్డాయి. చదువుతుంటే ముఖం పాలిపోయింది.

"ఏమైంది బిడ్డా?" అంది అనుసూయాబాయి.

"నెమలిని ఎవలో ఎత్తుకపోయిండ్రు అత్తమ్మ. ఎత్తుకపోయి, నకో అన్నరు. అక్కరలేదని బజార్ల అమ్మిండ్రు."

"అక్కరలేనోళ్ళు ఎత్తుకపోవుడెందుకు?"

"నన్ను ఏడిపియ్యనీకె." సాయలి కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్నకొద్దీ వస్తున్నాయి. "కావాలని తీసుకపోతె ఓర్సుకుందును అక్కా. ఎవలో ఒకలు సంబురపడుతరు అనుకుందును. వద్దని పారేసిండ్రు. నెమలిని ఎవలన్న వద్దంటరా?" అంతలోనే తృప్తి వైపు తిరిగింది. "నీ నంబరు గూడ దొంగల చేతుల పడ్డదో ఏమో. నీ బ్యాంకు ఖాతా సూసుకో అక్కా, ముందు గది సూసుకో."

ఆ పిల్లకు అనుమానం రాలేదు. రాదు కూడా. తృప్తి నోరు మూసుకుని కూర్చుంటే ఈ సంగతి ఇక్కడితో ఆగిపోయేది, నాలుగు రోజులు ఎవరో ఊరూపేరూ లేని దొంగను తిట్టుకుని ఊరుకునేవాళ్ళు. ఆమె కూడా ఊరుకోవాలనే అనుకుంది. అనుసూయాబాయి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నెమలి ఇంట్లకు అస్తె వద్దనేది గూడ ఒక మనిషేనా," అంది. "దానికి ఏం తెలుస్తది దాని విలువ."

తృప్తి తల దించుకుని నూనెలో వేళ్ళు ముంచింది. దొంగ అంటే పడేది. పాపిష్టిది అన్నా పడేది. తొంభై తొమ్మిది రోజులు నీళ్ళు పోసింది, ఆ నెమలి కోసం తిండి సయించక తిరిగింది, నమ్మిన పిల్ల గొంతు కోసింది. ఇన్ని చేసినదాన్ని పట్టుకుని, దానికి నెమలి అక్కర్లేదు అంటుంటే పడలేకపోయింది. సాయలి కన్నా, ఆ నాసిక్ మనిషి కన్నా, తనకే ఎక్కువ కావాలి. అది కూడా వీళ్ళకు తెలియకపోతే ఎట్లా?

"నకో కాదది," అంది.

"ఏందక్కా?"

"అది నకో కాదే సాయలీ. మరాఠీ కాదు. తెలుగుల నాకు."

సాయలి ఫోను వైపు చూసింది. పెదవులు కదిలాయి, ఒకసారి ఆ మాటను మరాఠీలో, ఇంకోసారి తెలుగులో అనుకుంది. తలెత్తింది.

"నీకా అక్కా?"

"నాకే."

అనుసూయాబాయి చాలాసేపు పెద్ద కోడలి ముఖంలోకి చూసింది. రెండున్నరకు తను అడిగిందీ, వంటింట్లోంచి వచ్చిన జవాబూ ఆవిడకు గుర్తొచ్చినట్టున్నాయి.

"నేను చాయ్ సంగతి అడిగిననే," అంది మెల్లగా.

సాయలి తిట్టలేదు. తిడితే బాగుండునని తృప్తి ఎదురుచూసింది. ఎందుకు చేశావని అడిగినా చెప్పడానికి పదకొండేళ్ళ మాటలు గొంతులో ఉన్నాయి. సాయలి ఏమీ అడగకుండా ముక్కు తుడుచుకుని ఫోనులో ఏదో వెతికింది, నొక్కింది.

"నా నంబరు ఏసుకుంటున్న. పాత నంబరుకు ఓటీపీ అస్తది," అంది. అక్కా అనలేదు. "చదువు."

తృప్తి ఫోను టింగుమంది.

"నాలుగు," అంది. "సున్న. ఏడు. ఏడు. ఒకటి." చివరి అంకె కళ్ళముందే ఉంది గానీ నోట్లోంచి రాలేదు. అది కూడా చెప్పేస్తే సాయలిది ఏదీ ఇక తన దగ్గర ఉండదు.

"చివరిది."

"రెండు."

సాయలి కొట్టింది. నంబరు మారిందని ఆమె ఫోను మోగింది. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మిగిలింది అత్తా పెద్దకోడలూ. నూనె గోరువెచ్చన దాటి చల్లారిపోతోంది. రోజూ చేసే పని, చేతులకు ఇంకేం తోచలేదు, తృప్తి వేళ్ళు నూనెలో ముంచి ఆ మోకాలి వైపు చాపింది. అనుసూయాబాయి చీర అంచు కిందికి లాక్కుని మోకాలు కప్పుకుంది.

"నకో," అంది, గుమ్మంలో నిలబడ్డ బండివాడితో అన్నట్టు.